మీ మాట పొంచి విన్నవారిపై దావా



అమెరికాలో కాపురం పెట్టిన ఒక తెలుగు అమ్మాయి ఇక్కడున్న అమ్మానాన్నలతోనూ, స్నేహితులతోనూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉండేది. కన్నవాళ్ల దగ్గర కాక మనసులో మాట ఇంకెవరికి చెప్పుకుంటుంది? ఆ మాటలను ఆమె ఎరగకుండా భర్త రికార్డు చేసిపెట్టాడు. కాపురం చెడి, విడాకుల కేసు ఇక్కడి కోర్టుకు వచ్చాక ఆ రికార్డులున్న హార్డ్ డిస్కును సాక్ష్యంగా తెచ్చాడు. అందులో కొంత నా గొంతు కాదని ఆమె అంది. దాంతో గొంతు పరీక్ష దాకా పోయింది వ్యవహారం. చివరికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది.

భార్య ఇంకొకరితో మాట్లాడుకునే మాటలను ఆమెకు తెలియకుండా పట్టడం చట్టవిరుద్ధమని, అది ఆమె గోప్యత హక్కుకు భంగమని హైకోర్టు తేల్చి చెప్పింది. ఆ మాటలు నిజంగా ఆమెవే అయినా సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదంది. గొంతు పరీక్షకు ఆమెను బలవంతపెట్టకూడదంది. కన్నవాళ్లతో మాట్లాడే మాటల్లో కూడా భార్యను నమ్మని భర్త ఉన్నాడంటే, ఇక పెళ్లి అనే వ్యవస్థకే అర్థం లేకుండా పోతుందన్న భావం వెలిబుచ్చింది. ఈ తీర్పు 2008 సంవత్సరపు ఆలిండియా రిపోర్టర్‌లో, ఆంధ్రప్రదేశ్ భాగంలో 98వ పేజీలో అచ్చయింది.

మంచి తీర్పు. ఆడపిల్లను పైదేశానికి పంపిన ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన తీర్పు. అయితే ఒక్క సంగతి గమనించండి. ఆ రికార్డులను లెక్కలోకి తీసుకోవద్దనే ఆ అమ్మాయి అడిగింది. కోర్టు ఇచ్చిందీ అంతవరకే. నా మాటలు దొంగతనంగా విన్నందుకు నాకు నష్టపరిహారం ఇప్పించండి అనే ప్రార్థన అక్కడ లేదు. మన కోర్టుల్లో ఆ ప్రార్థన వినపడేదే అరుదు. అది ఎందుకు వినపడాలో, ఏ దారిన వెళ్లి అడగాలో చెప్పాలని మీ ముందుకు వచ్చాను.

మాది పెదవేగి. ఏలూరు మాకు పది పన్నెండు కిలోమీటర్లు. మావైపు ఎవరికైనా అన్యాయం జరిగిందంటే మొదట వచ్చే మాట ‘కేసు పెడదాం’ అనే. కేసంటే పోలీసు కేసే అనుకుంటాం. పెట్టవలసిందే, కాదనను. 2023లో వచ్చిన కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, అధికారం లేకుండా ఇతరుల సందేశాలను మధ్యలో పట్టినవారికి 3 సంవత్సరాల వరకు జైలు గాని, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పాత 1885 టెలిగ్రాఫు చట్టంలోనూ ఈ నేరానికి శిక్ష ఉండేది. కానీ పోలీసు కేసు నడిపేది ప్రభుత్వం. జరిమానా చేరేది ఖజానాకు. అందులోంచి కొంత బాధితులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నా, ఇప్పించి తీరాలని లేదు. ఎవరి బతుకు బజారున పడిందో ఆ మనిషి ఆ కేసులో ఒక సాక్షి, అంతే. సమన్లు వచ్చిన రోజున వెళ్లి చెప్పి రావడమే ఆమె పని. సివిల్ దావాలో అయితే ఆమే వాది. ఏం కావాలో ఆమే అడుగుతుంది. ఆ రికార్డు కాపీలు ధ్వంసం చేయించండి, ఎవరికీ పంపకుండా ఇంజంక్షన్ ఇవ్వండి, నాకు కలిగిన నష్టానికి ఇంత సొమ్ము ఇప్పించండి అని తన పేరుతో, తన లెక్కతో అడుగుతుంది. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇలా అడిగే హక్కు మనకెక్కడ ఉందని ఎవరైనా అంటే, తెలుగు న్యాయమూర్తుల పేర్లే చెప్పవచ్చు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు సుప్రీంకోర్టులో ఉండగా ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక మనిషిపై నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు కొట్టి చూసి పోయేవారు. 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఎక్కువమంది న్యాయమూర్తులు, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. అడుగడుగునా కళ్లు వెంటాడుతుంటే కాళ్లకు సంకెళ్లు లేకపోయినా ఆ మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, గోప్యత స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాశారు. అప్పటికది ఓడిపోయిన పక్షం. 2015లో జాస్తి చలమేశ్వర్ గారు ఉన్న ధర్మాసనం ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ కేసులో గోప్యతను కాదన్న భాగాన్ని కొట్టేశారు. యాభై అయిదేళ్ల తర్వాత గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి మాటే నెగ్గింది.

ఈ రెండు తీర్పుల నడుమ, 1994లో ఇంకొకటి వచ్చింది. మన ప్రసంగానికి అదే ముఖ్యం. తమిళనాడు ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ మీద నడిచిన రాజగోపాల్ కేసులో బి.పి. జీవన్ రెడ్డి గారు తీర్పు రాస్తూ, గోప్యతకు రెండు ముఖాలున్నాయన్నారు. ఒకటి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ. రెండోది, గోప్యతకు భంగం చేసినవారిపై నష్టపరిహారానికి సివిల్ దావా వేసుకునే హక్కు. అంటే దారి వేసి ఇప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. మనం నడవడం లేదు.

ఎందుకు నడవడం లేదు? మొదటి కారణం, విన్నట్టు మనకు తెలియకపోవడం. ఇందులో ప్రభుత్వం వినడం ఒక రకం, మనుషులు వినడం ఇంకో రకం. ప్రభుత్వం సంగతి ముందు చెబుతాను. మా పెదవేగి ఒకప్పటి వేంగి. శాలంకాయన రాజులు ఇచ్చిన రాగిరేకులు మా ఊరి పేరుతో చరిత్రలో ఉన్నాయి. ఒక చెక్క భూమి దానం ఇవ్వాలన్నా రాజు మాటకు రాత ఉండాలి, ముద్ర ఉండాలి. ఫోన్ వినాలన్నా అంతే. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. హోం కార్యదర్శి రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి. రెండు నెలలకు మించి చెల్లదు, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు. పైన సమీక్షా కమిటీ ఉండాలి. అదీ ప్రజల భద్రతకు ముప్పు వచ్చినప్పుడో, అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడో. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఇదే పద్ధతి కొనసాగింది. ఇంతా చేసి, పని ముగిశాకైనా ‘మీ ఫోన్ విన్నాం’ అని ఆ మనిషికి చెప్పాలన్న నియమం మాత్రం లేదు. చెప్పకపోతే దావా ఎవరు వేస్తారు? ఈ ఒక్క లోటు సరిచేయకుండా ఎన్ని కమిటీలు వేసినా, ఆర్డరు లేకుండా విన్నవాడికి భయం ఉండదని నా అభిప్రాయం.

హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో 2024 మార్చి 10న నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారులు రాజకీయ నాయకులు, వ్యాపారులు, విలేకరులు, ఆఖరికి న్యాయమూర్తుల ఫోన్లపై కూడా నిఘా పెట్టారని, ఎన్నికల ఫలితాలు రాగానే రికార్డులు నాశనం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టులో తేలాలి. నేనడిగేది ఒకటే. తమ ఫోన్ వినబడిందని పోలీసులు పిలిచి చెబితేగాని తెలియని మనుషులు ఎందరో ఆ కేసులో వాంగ్మూలాలు ఇచ్చారు. వాళ్లంతా సాక్షులు. వాళ్లలో ఎందరు రేపు వాదులవుతారు?

ఫోన్ కంపెనీ కూడా తప్పించుకోలేదని చెప్పడానికి సమాజ్‌వాదీ నాయకుడు అమర్ సింగ్ కేసు ఉంది. 2005లో ఢిల్లీ అధికారుల పేరుతో పుట్టించిన దొంగ ఉత్తరాన్ని చూసి ఒక టెలికం సంస్థ ఆయన లైను వినడానికి వీలిచ్చింది. ఆ ఉత్తరం నిండా తప్పులే. చదివినవాడెవరైనా ఆగి అనుమానించేటన్ని తప్పులు. కంపెనీ సరిచూసుకోలేదు. సర్వీసు ఇచ్చేవారు బాధ్యతగా ఉండాలని, ఆర్డరు అసలుదో కాదో నిర్ధారించుకోవాలని సుప్రీంకోర్టు 2011 మే 11న గట్టిగా చెప్పింది. అదే తీర్పులో ఆయన పిటిషన్‌ను కొట్టేసింది కూడా. కోర్టుకు వచ్చిన మనిషి సంగతులన్నీ దాచకుండా చెప్పలేదన్నది కారణం. దావా వేయాలనుకునేవారు ఈ రెండో ముక్క కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక మనుషులు వినడం. మన వైపు ఎక్కువ జరిగేది ఇదే. తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లి వ్యాపారి ఉన్నారనుకోండి. మహారాష్ట్ర సరుకు ఏ ధరకు వస్తోంది, ఎన్ని లారీలు, ఎవరికి ఎంతకు ఇస్తాను అన్నవన్నీ వాట్సాప్‌లోనే నడుస్తాయి. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులవాళ్లదీ అంతే. రేపు ఏ చెరువు పడుతున్నారు, శీలావతి ఎంత, బొచ్చె ఎంత, హౌరాకు ఎన్ని లారీలు అన్నది ముందురోజు రాత్రి ఫోన్లోనే తేలుతుంది. గుమస్తా ల్యాప్‌టాప్‌లో ఆ వ్యాపారి వాట్సాప్ తెరిచి వదిలేశారు. పని మానేసిన గుమస్తా ఇంకోచోట కూర్చుని ఆ మాటలన్నీ చదువుతున్నాడు, పోటీ వ్యాపారికి చేరవేస్తున్నాడు. కిలోకు రూపాయి తేడాతో బేరాలు పోతున్నాయి. ఎలా పోతున్నాయో తెలియదు.

మీకూ ఇలా జరుగుతోందేమో చూసుకోవాలంటే ఫోన్ తీయండి. వాట్సాప్‌లో పైన మూడు చుక్కలు నొక్కితే ‘లింక్డ్ డివైసెస్’ అని కనిపిస్తుంది. అది తెరిస్తే మీ వాట్సాప్ ఇంకా ఏయే యంత్రాల్లో తెరిచి ఉందో, చివరిసారి ఎప్పుడు వాడారో చూపిస్తుంది. మీది కాని యంత్రం పేరు కనపడితే కంగారుపడి వెంటనే తీసేయకండి. ముందు ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీయండి, తేదీ వేళ రాసుకోండి, తర్వాత తీసేయండి. కాల్ సెట్టింగుల్లో కాల్ ఫార్వార్డింగ్ మీకు తెలియని నంబరుకు పెట్టి ఉందేమో చూసుకోండి. కొన్ని అంకెలు నొక్కమని చెప్పి మన కాల్స్ తమవైపు తిప్పుకునే మోసాలు పెరిగాయనే, 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ రకం ఫార్వార్డింగ్ సేవను ఆపమని టెలికం శాఖ కంపెనీలకు చెప్పింది. మీరు తీసిన ఫొటో కోర్టులో నిలవాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫోన్ మాత్రం మార్చేయకండి, అమ్మేయకండి, రీసెట్ చేయకండి.

ఆ వ్యాపారికి నష్టం రూపాయల్లో లెక్కకు వస్తుంది. పోయిన బేరాలు, బిల్లులు, పద్దు పుస్తకాలు ఉన్నాయి. ఆయనకు సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కింద ఒక దారి ఉంది. అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి చొరబడినా, సమాచారం తీసుకున్నా పరిహారం కోరవచ్చు. 5 కోట్ల రూపాయల లోపు అయితే ఫిర్యాదు వినేది రాష్ట్ర ఐటీ కార్యదర్శి. ఆ హోదాలో ఆయనే న్యాయనిర్ణయాధికారి. నాలుగు నెలల్లో, మహా అయితే ఆరు నెలల్లో తేల్చాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆయన తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీలోని టెలికం ట్రిబ్యునల్‌కు అప్పీలు. ఆ అధికారి వినే విషయాలు సివిల్ కోర్టుకు తీసుకెళ్లకూడదని చట్టంలో ఉంది. కాబట్టి మీ వ్యవహారం ఏ గడపకు చెందుతుందో ప్లీడరు గారిని అడిగి తేల్చుకున్నాకే కాగితాలు రాయించండి. ప్రభుత్వం మీద దావా అయితే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కాలదోషం సంగతి మర్చిపోకండి. మామూలుగా మూడేళ్లే.

నేను మొదట చెప్పిన ఆ అమ్మాయి నష్టం లెక్కకు రాదు. అమ్మతో ఏడుస్తూ చెప్పుకున్న మాట పదిమంది ముందు వినిపిస్తే దానికి వెల ఎంత? అందుకే మన దగ్గర ఇలాంటి దావాకు ధైర్యం చాలదు. నష్టం రుజువు చేయమంటారేమో, అడిగిన సొమ్ము మీద కోర్టు ఫీజు కట్టాలేమో అని వెనక్కి తగ్గుతారు. అమెరికాలో ఈ చిక్కును చట్టమే తీర్చింది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, మాటలు అక్రమంగా పట్టినవాడిపై బాధితులు నేరుగా సివిల్ దావా వేయవచ్చు. నష్టం ఇంత అని రుజువు చేయలేకపోయినా రోజుకు 100 డాలర్లు గాని, మొత్తం 10,000 డాలర్లు గాని, ఏది ఎక్కువైతే అది ఇప్పించవచ్చు. లాయరు ఖర్చులు అదనం. కాలిఫోర్నియాలో అయితే మాట్లాడేవారందరూ ఒప్పుకోకుండా రహస్య సంభాషణ రికార్డు చేయడమే తప్పు. అక్కడ ఉంటున్న మన పిల్లలు, కోడళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

బ్రిటన్‌లో జేమ్స్ మలోన్ అనే పాతవస్తువుల వ్యాపారి తన ఫోన్ విన్నారని పోలీసుల మీద దావా వేస్తే, 1979లో అక్కడి కోర్టు, వినకూడదని చట్టమే లేదు కాబట్టి నీకు హక్కు లేదంది. ఆయన ఊరుకోలేదు. 1984లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం బ్రిటన్‌దే తప్పంది. మరుసటి ఏడాది బ్రిటన్ చట్టం చేసింది. ఓడిపోయిన ఒక్క సివిల్ దావా దేశానికి చట్టం తెచ్చిపెట్టింది.

ఫోన్లలోకి చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ సంగతీ ఒక్క మాట చెబుతాను. మన దేశంలో దాని మీద 2021 అక్టోబరు 27న ఎన్.వి. రమణ గారి ధర్మాసనం నిపుణుల కమిటీ వేసింది. కమిటీ 29 ఫోన్లు పరీక్షించి, అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉందని, అది పెగాససేనని తేల్చలేమని చెప్పింది. ప్రభుత్వం సహకరించలేదని కూడా చెప్పింది. అదే పెగాసస్ తయారుచేసిన ఎన్ఎస్ఓ కంపెనీ మీద వాట్సాప్ సంస్థ 2019లో కాలిఫోర్నియాలో సివిల్ దావా వేసింది. సుమారు 1,400 ఫోన్లలోకి చొరబడ్డారన్నది ఆరోపణ. 2025 మేలో జ్యూరీ 16 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా కట్టమంది. తర్వాత జడ్జి ఆ సొమ్మును సుమారు 40 లక్షల డాలర్లకు తగ్గించినా, ఇక వాట్సాప్ జోలికి రావద్దని ఇంజంక్షన్ ఇచ్చారు. గెలిచింది కంపెనీ. ఆ 1,400 ఫోన్లలో మన దేశంవారివీ ఉన్నాయి. వాళ్లు మాత్రం ఈ దావాలో పక్షం కారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2025 జూలై 14న సుప్రీంకోర్టు, భార్యాభర్తల కేసుల్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పు చెప్పింది. దీంతో ఇక ఎవరి ఫోన్ అయినా రికార్డు చేసుకోవచ్చని కొందరు అనేస్తున్నారు. అది సరికాదు. అక్కడున్నది భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్న మాటలు. నేను మొదట చెప్పిన కేసులో భార్య తన తల్లిదండ్రులతో మాట్లాడుకున్న మాటలను మూడో మనిషిగా భర్త పట్టాడు. సాక్ష్యంగా చెల్లడం ఒకటి, అలా పట్టడం తప్పు కాకపోవడం ఇంకొకటి. ఆ తీర్పు చదివి భార్య ఫోన్‌లో రహస్యంగా యాప్ పెట్టేవాడు రేపు ప్రతివాది కుర్చీలో కూర్చోవలసి రావచ్చు.

నా మనవి శాసనకర్తలకు. 2023 డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానాలు పెట్టారు. అదంతా ప్రభుత్వ నిధికే పోతుంది. పైగా, సమాచారాన్ని జాగ్రత్త చేయని కంపెనీల నుంచి మనిషికి పరిహారం ఇప్పించే పాత 43ఏ సెక్షన్‌ను ఆ చట్టమే తీసేయమంది. ఇది తప్పు. మాట పోగొట్టుకున్నది మనిషి, సొమ్ము ఖజానాకా? అక్రమంగా మాటలు విన్న ప్రతి కేసులో నష్టం రుజువుతో పని లేకుండా కనీసం ఇంత పరిహారం అని చట్టంలో రాయాలి. ప్రభుత్వం విన్నప్పుడు, పని ముగిశాక ఆ మనిషికి కాగితం ఇవ్వాలి. మన ఎంపీలను ఈ రెండూ అడగండి.

ఈలోగా ఉన్న దారిన నడవండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కోర్టు ఫీజుకూ సాయం ఉంటుంది. ఏలూరు కోర్టుల ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. వెళ్లలేనివారు 15100 నంబరుకు ఫోన్ చేయండి, ఆ కాల్‌కు డబ్బులు పడవు.